తప్పులు తీసేసిన రికార్డు

మా కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ రికార్డు రాయడానికి ఒక పద్ధతి ఉండేది. గ్రాఫు కాగితం మీద ముందు గీత గీసేవాళ్ళం, చుక్కలు తర్వాత దాని మీద పెట్టేవాళ్ళం. చుక్కలన్నీ గీత మీదే ఉంటే లెక్చరర్ సంతకం పెట్టేసేవాడు. ఒకటి రెండు పక్కకు పోతే మళ్ళీ రాసుకురమ్మనేవాడు. అట్లా రాసి, మంచి మార్కులతో పాసై, బెంగళూరు వచ్చి ఉద్యోగంలో చేరాను. ఆఫీసులో వారం వారం పంపే రిపోర్టుల్లో చెడిపోయిన సంగతులు కనపడకుండా రాయడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ అలవాటునే ఒక పదో తరగతి అమ్మాయికి నేర్పించాను. దానివల్ల ఆమెకు రావలసిన సీటు పోయింది.

మా ఆఫీసు కుందలహళ్ళిలో. హొసకోటె దగ్గర ఒక హైస్కూల్లో మా కంపెనీ రోబోటిక్స్ క్లబ్బు పెట్టించింది. శనివారాలు వెళ్ళి నేర్పించడానికి మనుషులు కావాలంటే నేను పేరిచ్చాను. సేవ చేద్దామని కాదు, అప్రైజల్ ఫారంలో ఒక గడి నిండుతుందని. పిల్లలంటే ఇష్టం తర్వాత కలిగింది.

ఆ చుట్టుపక్కలే ఒక ఫ్యాక్టరీ వాళ్ళ ట్రైనింగ్ సెంటర్ ఉంది. పదో తరగతి అయిన పిల్లలకు మూడేళ్ళు మెషీన్ల పని నేర్పించి అక్కడే ఉద్యోగం ఇస్తారు. మా లాంటి క్లబ్బులన్నిటికీ కలిపి ఏడాదికి ఒక సీటు. పిల్లలు చేసిన యంత్రాన్ని, దాని రికార్డు పుస్తకాన్ని చూసి, కాసేపు మాట్లాడి ఎంచుకుంటారు. ఆ ఏడు అది మా స్కూల్లో ఒక అమ్మాయికే వస్తుందని అందరం అనుకున్నాం. వాళ్ళకు ఇంట్లో తెలుగు, బయట కన్నడం. తండ్రి ఒక గోడౌన్‌లో లోడింగ్ పని చేస్తాడు. “ఇన్నాళ్ళూ మిషన్ కాడికి సరుకు మోసింది నేను సార్, రేపు మిషన్ నడిపేది మా పాప” అని నాతో ఒకసారి గర్వంగా అన్నాడు.

ఆ అమ్మాయి చేసింది నేల మీద అతికించిన నల్ల టేపు వెంట తనంతట తానే నడిచే చిన్న బండి. అది ఉన్నట్టుండి దారి మధ్యలో నిలబడిపోయేది. నిలబడగానే, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సిటీ బస్సుతో పోల్చి మిగతా పిల్లలు ఎగతాళి మొదలుపెట్టేవాళ్ళు.

“టిన్ ఫ్యాక్టరీ స్టాపు వచ్చేసిందప్పా, ఇంక గంట కదల్దు!”

“దిగి నడుసుకుంటా పోదాం రాండి!”

ఆ అమ్మాయి నవ్వేది కాదు. లాంగ్ నోట్‌బుక్ తెరిచి, గోడ గడియారం చూసి, ఏదో రాసుకునేది. నేను వైర్లు మార్చాను, టేపును గుర్తుపట్టే సెన్సర్ రెండుసార్లు మార్చాను. ఒక శనివారం ఆమె నా దగ్గరికి వచ్చింది.

“సార్, ఇది పొద్దున ఒకసారి గూడా నిలబడలేదు. పదకొండు దాటినాకనే నిలబడతా ఉండాది.”

“అయితే?”

“పదకొండుకి కిటికీలోంచి ఎండ టేపు మీద పడతాది సార్. చూడండి, అన్నీ రాసుకోనుండా.”

కన్నడం, ఇంగ్లీషు కలిపి రాసిన పేజీలవి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ నిలబడిందో, అప్పుడు తలుపు తెరిచి ఉందో మూసి ఉందో కూడా ఉంది. కిటికీ మూసి చూశాం, బండి నడిచింది. ఆమె చెప్పుల డబ్బా అట్ట కత్తిరించి సెన్సర్ చుట్టూ ఎండ తగలకుండా కట్టింది. ఆ తర్వాత బండి ఆగలేదు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్న నాకు దొరకని కారణం, పాడైన ప్రతిసారీ ఓపికగా రాసుకున్నందువల్ల ఆమెకు దొరికింది. ఆ మాట ఆ రోజు నాకు తోచలేదు.

సెలక్షన్‌కు రెండు వారాలుందనగా కొత్త రికార్డు పుస్తకం కొనిచ్చి, అంతా నీట్‌గా ఎత్తి రాయమన్నాను.

“పది ప్రయోగాలు చాలు. టేబుల్ గీసి రాయి.”

“నిలబడిపోయినవి రాయొద్దా సార్?”

“అవి ఎవరికి కావాలమ్మా? చూసేవాళ్ళకు పని చేసిందని తెలిస్తే చాలు.”

 ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో నేను చెప్పినట్టే రాసింది. పది ప్రయోగాలు, పదీ సక్సెస్. కొట్టివేతలతో నిండిన ఆ పాత నోట్‌బుక్‌ను స్కూలు పాత పేపర్లతో పాటు నేనే తూకానికి వేసేశాను.

సెలక్షన్ రోజు ట్రైనింగ్ సెంటర్ వాళ్ళు ముగ్గురు కూర్చున్నారు. మేం గోడ పక్కన కుర్చీల్లో ఉన్నాం, నా పక్కనే హెడ్‌మాస్టర్. ముగ్గురిలో పెద్దాయన కన్నడంలో అడిగాడు.

“సెన్సర్ చుట్టూ ఈ అట్ట ఎందుకు?”

“ఎండ పడితే దానికి టేపు తెలీదు సార్, అందుకు.”

“బాగుంది. ఎండ వల్లనే అని ఎట్లా కనుక్కున్నావు?”

“చాలాసార్లు ఆగిపోయింది సార్. టైము రాసుకుంటూ వస్తే తెలిసింది.”

ఆయన ఉత్సాహంగా రికార్డు తిరగేశాడు. మళ్ళీ మొదటి నుంచి తిరగేశాడు.

“ఇందులో ఒక్కసారి కూడా ఆగినట్టు లేదే! ఇది రాసిందెవరు?”

“నేనే సార్.”

“మరి నువ్వు చెప్పేది అబద్ధమా, ఈ పుస్తకం అబద్ధమా?”

ఆమె నా వైపు చూసింది. ‘నేనే అట్లా రాయించాను’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. పక్కన హెడ్‌మాస్టర్ ఉన్నాడు, ఈ సంగతి మా ఆఫీసు దాకా పోతుంది, ఇవన్నీ నా బుర్రలో తిరిగాయి. జేబులోంచి ఫోను తీసి, ఏదో మెసేజ్ వచ్చినట్టు చూస్తూ కూర్చున్నాను.

“పుస్తకమే అబద్ధం సార్” అంది ఆమె.

“ఎందుకు రాశావు మరి?”

ఆమె నా పేరు చెప్పలేదు.

సీటు ఇంకో స్కూలు పిల్లవాడికి వచ్చింది. తర్వాతి శనివారం ఆమె వచ్చి, చిన్నపిల్లలకు వైర్లు కలపడం చూపించి వెళ్ళిపోయింది. నన్ను ఏమీ అడగలేదు. బతికిపోయాననుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, అప్పుడు అనుకున్నది అదే.

ఆ పై వారం స్కూలు గేటు దగ్గర తండ్రి నిలబడి ఉన్నాడు.

“మా పాప దొంగ రికార్డు రాసినాదంట గదా సార్, హెడ్‌మాస్టరు చెప్పినాడు. ఏమే ఇట్ల చేసినావంటే నోరు తెరవదు. తిట్టి, వారంగా దాంతో నేను మాట్లాడలేదు. మీరన్నా చెప్పండి, ఎందుకు రాసినాది?”

“నేను రాయమన్నాను” అన్నాను.

“ఏమి?”

“ఆగిపోయినవన్నీ తీసేసి రాయమన్నది నేనే. తను రాయొద్దా అని అడిగింది కూడా.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. “ఆ పొద్దు మీరు ఆడనే ఉంటిరి గదా?”

“ఉన్నాను.”

“ఉండి?”

ఆయన పక్కన పెట్టిన బైకు దగ్గరికి నడిచాడు. “నేను మా పాపను తిట్టినానే” అన్నాడు మెల్లగా.  బైకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం సెలవు పెట్టి ట్రైనింగ్ సెంటర్‌కు వెళ్ళాను. పెద్దాయన అంతా విన్నాడు. “ఆ రోజు అక్కడే చెప్పి ఉండాల్సింది. మేం చివరిదాకా ఆ అమ్మాయినే తీసుకుందామా అని ఆలోచించాం. ఆగిపోయిందని పుస్తకంలో ఒక్క లైను కనపడి ఉంటే ఆమెనే తీసుకునేవాళ్ళం” అన్నాడు. ఆ పిల్లవాడు అప్పటికే చేరిపోయాడు. వచ్చే ఏడు సీటు వచ్చే ఏడు పిల్లలకే. హెడ్‌మాస్టర్‌కు మాత్రం ఉత్తరం రాస్తానన్నాడు, తప్పు ఆమెది కాదని. రాశాడు కూడా.

సాయంత్రం వాళ్ళింటికి ఫోన్ చేస్తే ఆమే ఎత్తింది. విషయం చెప్పాను.

“సీటయితే లేదు గదా సార్?”

“లేదమ్మా.”

“సరే సార్. మా నాయనకిస్తా, ఈ ఉత్తరం సంగతి మీరే చెప్పండి.”

ఆయనకు చెప్పాను. ఊఁ కొట్టి, “దాన్ని కామర్స్‌లో చేర్పిస్తా ఉండాము” అన్నాడు. సైన్స్ ఉన్న కాలేజీ దూరమట.

క్లబ్బుకు ఇప్పటికీ వెళ్తున్నాను. ఆమె రావడం మానేసింది. ఆడపిల్లలకు మెషీన్ల పని నేర్పించే చోటు ఇంకెక్కడైనా ఉందేమోనని హొసకోటె నుంచి అత్తిబెలె దాకా ఫ్యాక్టరీలన్నిటినీ అడుగుతున్నాను. అడగమని ఆమె నాతో అనలేదు. దొరికితే వస్తుందో రాదో తెలియదు.