చుక్క కనపడుతోందా?

మాస్టారు పోయారని పోయిన ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి కబురొచ్చింది. అప్పటికే నేను పెరట్లో రెండు కుర్చీలు వేసి ఉంచాను. ప్రార్థన అయ్యాక వచ్చి మా స్విమ్మింగ్ పూల్ నీళ్ళు పరీక్ష చేసి వెళ్ళడం ఆయన అలవాటు. మా ఎదురిల్లే. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి.

తుళ్లూరులో మిరప పండించిన చేను రాజధానికిచ్చాక కట్టుకున్న ఇల్లు ఇది. మా ఆవిడ మోకాళ్ళకి నీళ్ళలో నడక మంచిదని డాక్టరు చెబితే పూల్ తవ్వించాను. రెండు వేసవులే నడిచింది. ఆవిడ పోయాక నీళ్ళు పచ్చబడ్డాయి. పురుగు చావకపోతే మందు పెంచడం మిరప రైతుకి పుట్టుకతో వచ్చిన విద్య కదా, క్లోరిన్ బిళ్ళలు రెట్టింపు వేశాను. ఇంకా పచ్చబడ్డాయి.

మాస్టారు గేటు తీసుకుని వచ్చి చూశారు.

"ఏవండీ, ఇది మిరపతోట అనుకున్నారా? ఈ బిళ్ళల్లో స్టెబిలైజర్ ఉంటుంది. క్లోరిన్ ఎండకి ఎగిరిపోకుండా కాస్తుంది. అది మోతాదు మించితే క్లోరిన్ని పని చెయ్యనివ్వదు. ఎండకి పోయే రకం కాదు. బిళ్ళ వేస్తేనే పెరుగుద్ది, నీళ్ళు తోడితేనే తగ్గుద్ది."

సగం నీళ్ళు తోడించి కొత్తవి పట్టించారు. బిళ్ళలు మాన్పించి లిక్విడ్ క్లోరిన్ అలవాటు చేశారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పరీక్షే. పూల్ నీళ్ళలో మందు కలిపితే తెల్లగా విరుగుతాయి. వాటిని సన్న గొట్టంలో పోస్తూ పోతే అడుగునున్న నల్ల చుక్క మాయమవుతుంది. ఆ మట్టం దగ్గరున్న అంకే స్టెబిలైజర్ లెక్క. చుక్క ఎంత తొందరగా మాయమైతే అంకె అంత పెద్దది. ఆయన కళ్ళకి శుక్లాలు. పోసేది ఆయన, చూసేది నేను.

"చుక్క కనపడుతోందా?"

"కనపడుతోందండీ."

"తొందరపడకండి. చూసిందే చెప్పండి."

ఎవరూ దిగని పూల్ ఎందుకు, పూడ్చెయ్యమన్నాడు మా బావమరిది. నేను ఒప్పుకోలేదు. వారం మొత్తంలో నా పక్కన ఒక మనిషి కూర్చునేది ఆ గంటసేపే.

నిరుడు మా ఆవిడ పోయిన తేదీ సోమవారం పడింది. ఆ రోజు ఒక్కణ్ణే ఉండలేననిపించింది. ముందురోజు పరీక్షలో చుక్క నిక్షేపంగా కనపడుతుంటే, "మాయమైందండీ" అన్నాను. అంకె బాగా పైకి వచ్చింది. మాస్టారు గొట్టం వంక చూడలేదు, నా వంక చూశారు.

"అలాగా. అయితే రేపు కూడా చూడాల్సిందే."

మర్నాడు పొద్దున్నే వచ్చారు. పొద్దుగూకేదాకా కూర్చున్నారు. అంత మంచి మనిషితో అబద్ధమాడానని నాకు ఏడాదిగా సిగ్గే.

నిన్న వాళ్ళమ్మాయి టెస్ట్ కిట్టూ, ఆయన రాసుకునే నోటుబుక్కూ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ ఆదివారం పేజీ వెతికి తీశాను. అంకె కొట్టేసి ఉంది. కింద ఆయన చేతిరాత: "బిళ్ళలు వెయ్యలేదు. పెరిగే వీల్లేదు. రేపు వెళ్ళాలి."

ఇవాళ మళ్ళీ ఆదివారం. గొట్టం నేనే పట్టుకుని నేనే పోశాను. అంచుదాకా నింపినా చుక్క కనపడుతూనే ఉంది. అడిగేవాళ్ళు లేరు. అయినా పైకే చెప్పాను, చూసిందే చెప్పాను.

"కనపడుతోందండీ, మాస్టారూ."