బావ లేచి వెళ్లిన సీను

రాష్ట్రం వచ్చిన కొత్తలో నకిరేకల్‌లో ఒక యుద్ధం సినిమా ఆడుతుంటే మా బావను వెంట తీసుకుని వెళ్లాను. బావ అంటే మా అక్క భర్త. సైన్యంలో చేసి, పింఛనుతో ఊరికి వచ్చి, ఒక ఏజెన్సీ తరఫున బ్యాంకుల డబ్బు తరలించే వ్యానులో తుపాకీతో కాపలా ఉండేవాడు. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూ, ఒక పత్రిక జిల్లా పేజీకి అప్పుడప్పుడు సినిమాల మీద రాసేవాణ్ని. ఆయన పక్కన కూర్చుంటే తెర మీద ఏది నిజమో, ఏది కాదో తెలుస్తుందని, వ్యాసానికి పనికొస్తుందని నా లెక్క.

సినిమా బాగా తీశారు. కాల్పులు మొదలయ్యాక కుర్చీలు అదిరాయి, ముందు వరుసల్లో ఈలలు ఆగిపోయాయి. బావ పల్లీలు తింటూ కూర్చున్నాడు. అంతసేపు కాలిస్తే తూటాలు ఎప్పుడో అయిపోవాలని మెల్లగా అన్నాడు. ఆయనకు నచ్చినవి వేరు. డేరా తాడు మీద ఆరేసిన మేజోళ్లు చూసి, నీళ్ల డబ్బా కోసం ఇద్దరు జవాన్లు తిట్టుకోవడం చూసి, "గిది కరెక్టు" అన్నాడు.

పోరు ముగిసి శవాలను కొండ దింపాక, ఒక అధికారి చనిపోయిన జవాను ఇంటికి ఫోన్ చేస్తాడు. భార్య ఎత్తుతుంది. అధికారి దాచకుండా చెప్పేస్తాడు. బావ లేచి బయటికి వెళ్లింది అప్పుడు. సినిమా వదిలాక చూస్తే బండ్ల స్టాండు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమైందంటే, పోదాం పా అన్నాడు.

నేను మళ్లీ అడగలేదు. ఇంటికి వచ్చి వ్యాసం రాశాను. తుపాకుల మోత ఎంత సహజంగా ఉందంటే, పక్కన కూర్చున్న మాజీ సైనికుడు, స్వయానా మా బావ, వణికిపోతూ హాలు విడిచి వెళ్లాడని రాశాను. వణకడం నేను కలిపింది. ఆ వాక్యం బాగుందని చాలామంది మెచ్చుకున్నారు.

వ్యాసం ఫోన్లలో తిరిగి ఏజెన్సీ సూపర్‌వైజర్ దాకా పోయింది. మోతకే వణికేవాడి చేతికి తుపాకీ ఎట్లా ఇస్తామని బావను వ్యాను దింపారు.

కబురు తెలిసి వెళితే అక్క మగ్గం మీద ఉంది. నన్ను చూసి నాడె ఆపలేదు.

"పేపర్ల రాసేముందు ఇంటి మనిషిని ఒక్క మాట అడుగరాదా, తమ్మి? మీ కాలేజీల గిదేనా చెప్పేది?"

బావ మాత్రం కోపంగా లేడు. ఆ ఫోను సీను సంగతి అరుగు మీద కూర్చుని అప్పుడు చెప్పాడు.

సైన్యంలో ఉండగా ఆయన దళంలో పాలమూరు వైపు జవాను ఒకడు ఉండేవాడు. యుద్ధంలో కాదు, లారీ లోయలో పడి చనిపోయాడు. ఇంటివాళ్లకు తెలుగు తప్ప రాదు. దళంలో మిగిలిన తెలుగువాడు బావ ఒక్కడే కాబట్టి, ఉన్నదున్నట్టు చెప్పమని అధికారి ఆయనకే ఫోన్ ఇచ్చాడు. మా వైపు చావు కబురు ఫోన్లో నేరుగా చెప్పరు. దవాఖానలో ఉన్నాడు, బయలుదేరండి అంటారు. వినేవాళ్లకు సగం అప్పుడే అర్థమవుతుంది, మిగతా సగం దారిలో. బావ కూడా ఆ తల్లికి అట్లాగే చెప్పాడు. ఆమెకు సగం కూడా అర్థం కాలేదు. మిలిటరీ దవాఖాన, పెద్ద డాక్టర్లు, బతికిస్తారనుకుంది. కొడుక్కి జొన్నరొట్టెలు మూటగట్టుకుని, తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చి అసలు మాట అక్కడ చెప్పారు. శవపేటికతో పాటు బావ ఆ ఊరికి వెళితే ఆమె ఒక్కటే అడిగిందట.

"దవాఖానల ఉన్నడంటివి గద, కొడుకా?"

నేను అంతకుముందే సూపర్‌వైజర్‌ను కలిసి వచ్చాను. మనిషి చెడ్డవాడు కాదు. ఏదో ఒక కారణం చెప్పమనండి, పైవాళ్లకు నేను చెప్పుకుంటానన్నాడు. అదే బావకు చెప్పాను.

"కడుపుల నొచ్చి లేచిన్నని చెప్పు బావా. నేను గూడ గట్లనే రాస్త."

బావ తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడు గూడ జర మెత్తగ చెప్తే ఏంబోతదనుకున్న. ఇంక నాతోని కాదు, బామ్మర్ది."

అయితే అసలు సంగతే రాస్తానన్నాను. వద్దన్నాడు. ఆ తల్లి బతికి ఉంది, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారన్నాడు. తనే ఏజెన్సీకి వెళ్లి నోటిమాటగా చెప్పొచ్చు కదా అన్నాను. ఆయన అరుగు దిగి చెప్పులు వేసుకున్నాడు. అక్క లోపలి నుంచి, ఇంక ఆయన్ని ఇడిసిపెట్టు అన్నది. తర్వాత ఆయన ఒక పత్తి మిల్లు గేటు దగ్గర కర్రతో కాపలాకు కుదిరాడు. ఊర్లో ఆయన ముందు టపాసు పేల్చి నవ్వేవాళ్లు కొన్నాళ్లు ఉన్నారు. నేనూ చూశాను.

ఈ మధ్య ఆ తల్లి పోయింది. బావ ఆమె దినాలకు వెళ్లి వచ్చి, ఇప్పుడు రాసుకో అన్నాడు. తుపాకీ ఉద్యోగం ఇచ్చే వయసు ఆయనకు దాటిపోయింది. పత్రిక జిల్లా పేజీలో వేయమని అడిగితే, అంత పాత సినిమా గురించి సవరణ ఎవరు చదువుతారన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా బావ తుపాకుల మోతకు లేచి వెళ్లలేదు. ఆ కాల్పులన్నీ అయ్యేదాకా కూర్చునే ఉన్నాడు.