గోళ్ళరంగు గీత

మా చిన్నప్పుడు... బొల్లాపల్లి దగ్గర మా ఊళ్ళో, మా ట్రాక్టరుకి గోళ్ళరంగు ఉండేది. నవ్వకండి... నిజంగానే.

ఇంజను వెనక ట్రక్కు తగిలించే హుక్కు ఉంటుంది కదా... దాన్ని ఇంజనుకి బోల్టులతో బిగిస్తారు. మా నాన్న ఆ బోల్టుల్ని సంతలో పాత ఇనుము కుప్పలోంచి ఏరుకొచ్చేవాడు. కన్నంలో పట్టిందా, నట్టు ఎక్కిందా... అంతే ఆయన పరీక్ష. నా పెళ్ళిసంబంధాలు మాత్రం ఏళ్ళ తరబడి చూశాడు లెండి.

బిగించడంలో లోటు చేసేవాడు కాదు. పానా పట్టుకుని చెమటలు కారేలా బిగించేవాడు. ఒకరోజు అమ్మ పక్కనే నిలబడి, "బిగించావు సరే... మళ్ళీ వదులైతే మనకెట్టా తెలుస్తదయ్యా?" అని అడిగింది.

అమ్మ లోపలికెళ్ళి, నేను బతిమాలి మాచర్ల నుంచి తెప్పించుకున్న ఎర్ర గోళ్ళరంగు సీసా పట్టుకొచ్చింది. ఒక్కో నట్టు మీంచి పక్కనున్న ఇనుప పట్టీ మీదికి ఒక్కటే గీత... నట్టు కదిలిందంటే గీత తెగి రెండు ముక్కలవుతుంది. నేను ఏడ్చి ఆ పూట అన్నం మానేశాను.

అప్పట్నుంచి శుక్రవారం ట్రాక్టరుకి బొట్టు పెట్టేటప్పుడూ, మనుషులు ట్రక్కు ఎక్కేముందూ అమ్మ వంగి ఆ గీతలు చూసేది. ఇంజనుకి ఈ సోకులేందని నాన్న ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడు కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి... మా కష్టమంతా నేల మీదే పరిచి ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. నాన్న వాడకట్టు ఆడవాళ్ళందర్నీ కేకేశాడు. పట్టాలూ గోతాలూ ట్రక్కులో పడేసి అందరం ఎక్కాం. అమ్మ ఎక్కబోతూ వంగి చూసింది.

రెండు గీతలు తెగి ఉన్నాయి...

నాన్న పానా వేశాడు. నట్లు బిగుసుకోవడం లేదు... మరలు అరిగిపోయి ఊరికే తిరుగుతున్నాయి.

"ఈ ఒక్కసారికి పోతదిలేవే... కాయ తడిస్తే ఏం తిని బతుకుతాం?" అన్నాడు.

అమ్మ గొంతు పెంచలేదు. "కాయ పోతే మళ్ళీ పండిచ్చుకుందాం. వీళ్ళంతా మనల్ని నమ్మి ఎక్కారయ్యా... దిగండమ్మా" అంది.

పక్కింటి సుబ్బమ్మ పెద్దమ్మ, వాన ముంచుకొస్తుంటే ఈ నడిపించడమేందని గొణుక్కుంటూ దిగింది. పట్టాలు నెత్తిన పెట్టుకుని పొలాలకడ్డంగా పరుగులాంటి నడక... అమ్మ నా చెయ్యి వదల్లేదు. కాయలు ఇంటికి చేర్చాలిగా అని నాన్న మాత్రం మొండిగా ఆ ట్రక్కుతోనే బాట వెంట బయల్దేరాడు.

మేం కాయలు కుప్ప చేసి పట్టాలు కప్పుతుండగా వాగు వైపు నుంచి పెద్ద చప్పుడు... అందరం అటు పరిగెత్తాం. వాగు దాటి గట్టు ఎక్కుతుంటే హుక్కు ఊడొచ్చేసింది. ట్రక్కు వెనక్కి దొర్లి వాగులో బోర్లా పడి ఉంది. ఇంజనూ నాన్నా గట్టు మీదే ఉన్నారు, దేవుడి దయ.

వాన మొదలైంది. సుబ్బమ్మ పెద్దమ్మ ఆ ట్రక్కు వంక చూసి, అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. నాన్న తడినేల మీదే కూలబడి నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు. కాయలు ఓ అంచున కాస్త తడిశాయి గానీ, మిగతావన్నీ దక్కాయి.

ఆ తర్వాత నాన్న మాచర్ల వెళ్ళి, తల మీద నంబరు కొట్టి ఉన్న గట్టి రకం బోల్టులు అడిగి మరీ తెచ్చాడు. పాత నట్లు ఒక్కటీ మళ్ళీ వాడలేదు. బిగించడం అయ్యాక నా దగ్గరికొచ్చి, "అమ్మా, నీ గోళ్ళరంగు ఓసారి ఇస్తావా?" అని అడిగాడు. అడుగంటిన సీసా మొత్తం ఇచ్చేశాను.

ఇప్పుడు మా అమ్మాయి సొరుగు నిండా గోళ్ళరంగులే... మా ఊరి కూలీలు ఆటోల్లో కిక్కిరిసి పొలాలకు పోతున్నారు. ఎక్కేముందు వంగి చూసేవాళ్ళే కనబడటం లేదు.

ఆ రోజు ట్రక్కులో వెనక అంచున కూర్చున్నది నేనే... ఇవాళ ఇలా రాస్తున్నానంటే మా అమ్మ వంగి చూడబట్టే.

మిమ్మల్ని కూడా ఎప్పుడో ఎవరో బండి దింపి నడిపించే ఉంటారు... అప్పుడు విసుక్కునే ఉంటారు. వాళ్ళెవరో కింద రాయండి... ఇక్కడైనా ఓ దణ్ణం పెట్టుకుందాం.