ఊది చూసిన ముక్కుపుల్ల

అమ్మ ముక్కుపుల్లలో ఉన్నది వజ్రమా, గాజుముక్కా అన్నది మా ఇంట్లో ఎడతెగని పేచీ. మగ్గాల పని కోసం సూరత్ వచ్చిన కొత్తల్లో నాన్న కొనిపెట్టాడు. వజ్రమేనని ఆయన, "నిన్ను ఎవడో మంచిగ ముంచిండు" అని అమ్మ. తేల్చుకుందామంటే తీస్తేగా! మొగుడు ఉండగా ముక్కు బోసిగా ఉండకూడదని ఆవిడ పట్టు. వజ్రాల ఊళ్లో కాపురముండి కూడా మాకు ఆ సంగతి తేలలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు అమ్మకు జ్వరం, ఆయాసం వచ్చాయి. ఆసుపత్రివాళ్లు నగలు తీసేసి రమ్మన్నారు. అంత ఆయాసంలోనూ అమ్మ పోట్లాడింది. చివరికి సబ్బునీళ్లు రాసి మెల్లగా తిప్పి తీశాను. ముక్కు బోసిపోకుండా ఆ రంధ్రంలో చిన్న వేపపుల్ల గుచ్చుకుని ఆటో ఎక్కింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సూరత్‌లో మేముండే భేస్తాన్ పేటలో మా పక్కింటి గుజరాతీ ఆయన వజ్రాలు సానబట్టే కార్ఖానాలో పనిచేస్తాడు. రాయి చేతికి రాగానే నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊది చూడటం ఆయన అలవాటు. గాజు మీద ఆవిరి కాసేపు నిలుస్తుంది, వజ్రం మీద చిటికెలో పోతుంది. అమ్మ ఆసుపత్రిలో చేరాక నాన్న ఆ ముక్కుపుల్లను కడిగి ఆయన చేతికిచ్చాడు. ఆయన మాస్కు కిందికి లాగి, ఊదబోయి, అది ఎవరి ముక్కుదో గుర్తొచ్చి గబుక్కున పైకి లాక్కున్నాడు.

"మాఫ్ కరో భాయ్. భాభీ వచ్చి ఆమే ఊదుతుంది" అన్నాడు, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో.

నాన్న ఆ మాట పట్టుకున్నాడు. "నువ్వొచ్చి ఊదు, హీరానో గాజుముక్కనో చూద్దాం" అని రోజూ ఫోన్లో అమ్మను ఉడికించేవాడు. అవతల నుంచి దగ్గే జవాబు. ఫోన్ పెట్టేశాక ముక్కుపుల్లను మళ్లీ కడిగి, తుడిచి పెట్టేవాడు. అమ్మ రాదేమోనని నేనూ భయపడ్డాను.

అమ్మ వచ్చింది, చిక్కిపోయి, వేపపుల్లతో సహా. మంచం మీద కూర్చోగానే నాన్న ముక్కుపుల్ల అందించాడు.

"జర ఊదు."

ఊదింది. ఊపిరి చాలక రాయి మీద ఆవిరే పట్టలేదు. నాన్న మొహం పాలిపోయింది.

"ఇంకోసారి ఊదవే."

ఈసారి గుండెల నిండా గాలి పీల్చుకుని ఊదింది. రాయి తెల్లగా మసకబారింది, వెంటనే తేటపడింది. గుమ్మంలో నిలబడ్డ పక్కింటాయన "అస్లీ హై! వజ్రమే!" అని చప్పట్లు కొట్టాడు.

నాన్న రాయి వంక చూడనేలేదు.

"దగ్గు రాలే గదా?" అన్నాడు.

"రాలే" అంది అమ్మ, వేపపుల్ల తీసేస్తూ. "పెట్టు ఇగ."