మొరం నేల మీద నాలుగు గుడ్లు

మా బడి మైదానంల గడ్డి మొలవదు. అంతా ఎర్ర మొరం. పిల్లలు ఉరికి కిందపడితే మోకాళ్లు చెక్కుకపోతయి. బీదర్‌కూ తెలంగాణ సరిహద్దుకూ నడుమ ఉన్న చిన్న ఊరి సర్కారీ బడి అది. నేను రోజూ బీదర్ పక్కనున్న నౌబాద్ నుంచి స్కూటీ మీద పోయి వస్త. ఆ ఊరి పిల్లలు ఇంట్ల తెలుగు మాట్లాడుతరు, బడిల కన్నడ చదువుతరు. నేనూ అట్లనే చదువుకున్నదాన్ని. అందుకే కన్నడ మాట దొరకక వాళ్లు ఆగిపోతే తెలుగుల అందిస్త.

ఒక యేడు పరీక్షలు దగ్గరపడ్డ రోజులు. పొద్దున ప్రార్థన కాంగనే నాలుగో తరగతి పిల్ల ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. క్లాసుల నోరు విప్పని పిల్ల. సెలవు రోజుల్ల నాయనమ్మతోని మేకలెంట తిరుగుతది.

"ఒకటి చూపిస్త రాండ్రి టీచర్. అడుగు చూసి ఎయ్యుండ్రి" అన్నది.

మైదానం నడుమకు తీస్కపోయి కూసున్నది. నాకు రాళ్లే కనవడ్డయి. వేలు పెట్టి చూపించినంక తెలిసింది. మొరం రాళ్ల నడుమ, మట్టి రంగు మీద నల్ల మచ్చలతోని నాలుగు గుడ్లు. గూడు లేదు, కింద ఒక్క పుల్ల గూడ లేదు. అంతల్నే రెండు పిట్టలు మా నెత్తి మీద చక్కర్లు కొట్టుకుంట గట్టిగ అరవబట్టినయి. తీతువ పిట్టలు.

ఆ అరుపు వింటే చిన్నప్పటి నుంచి నాకు గుబులే. మా అమ్మ చర్చికి పోయే మనిషి, బైబిల్ చదివే మనిషి. అయినా తీతువ అరిచిందంటే యేసయ్యను తల్సుకొని తలుపేసేది. ఎవరికో మూడిందనేది. నేను టీచర్నయి అవన్నీ ఉత్త మాటలని పిల్లలకు చెప్తుంట గని, ఆ పొద్దు గూడ నా ఒళ్లు జల్లుమన్నది.

ఆ పిల్లకు అసొంటిదేం లేదు. "ఎండ మస్తు ఉన్నది గద టీచర్. ఇది బోరు కాడికి పోయి నీళ్లల్ల పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూసుంటది. సల్లగ ఉంటయని" అన్నది. పద్దెనిమిదేండ్లు పాఠాలు చెప్పిన నాకు ఆ సంగతి తెల్వదు.

నాకు ఉషారొచ్చింది. పర్యావరణం పాఠం పుస్తకంల చదివించుడే తప్ప చేతులతోని చేయించింది ఎన్నడూ లేదు. ఆ మధ్యాహ్నమే పిల్లలను పోగు చేసిన. గుడ్ల సుట్టు సున్నంతోని గీత గీయించిన. ముండ్ల కంప తెచ్చి దడి కట్టించిన. అట్ట మీద 'హక్కి మనె', అంటే పిట్ట ఇల్లు, అని కన్నడల రాయించి కట్టెకు తగిలించిన. దడి పక్కన చిప్పల నీళ్లు, ఇంకో చిప్పల జొన్నలు పెట్టించిన.

ఆ పిల్ల నా పక్కన నిలబడి మెల్లగ అన్నది. "జొన్నలొద్దు టీచర్. అది పురుగులు తింటది. గింజలు తినది."

"ఉండనీ బిడ్డా, తింటే తింటది" అన్న నేను.

హెడ్‌మాస్టర్ సార్ ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల పెట్టిండు. రెండో రోజు ఊర్లకెళ్లి మనుషులు చూడొచ్చిండ్రు. పిల్లలు వంతులేసుకొని కావలి కూసున్నరు. అందరి మొఖాలల్ల సంబురం. తీతువలు మాత్రం మైదానం అంచుల నిలబడి అరుస్తనే ఉన్నయి. మనుషులు లేనప్పుడు వచ్చి కూసుంటుండొచ్చు అనుకున్న.

మూడో రోజు పొద్దున కాకులు జొన్నలకు దిగినయి. జొన్నలు అయిపోయినంక వాటికి గుడ్లు కనవడ్డయి. మేము వచ్చేసరికి పెంకులే మిగిలినయి.

పిల్లలు కాకులను తిట్టిండ్రు, రాళ్లు ఏరుకొచ్చిండ్రు. నేను గూడ ముందుగాల "పాడు కాకులు" అనే అన్న. ఆ పిల్ల వంగి పెంకులు ఏరి దోసిట్ల పెట్టుకున్నది. నా దిక్కు చూడలే. చూసి ఏమన్న అన్నా బాగుండు.

తెల్లారి క్లాసుల నిలబడి చెప్పిన. "తప్పు కాకులది కాదు. జొన్నలేసి పిలిచింది నేను. మీల ఒకరు వద్దన్నరు. నేను ఇనలే." పిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. టీచర్ తప్పు ఒప్పుకుంటే ఏం చెయ్యాల్నో వాళ్లకు తెల్వదు. వెనుక బెంచీల కూసున్న ఆ పిల్ల తల దించుకొని పెన్సిల్ చెక్కుకుంట కూసున్నది.

ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచినం. జూన్ మొదట్ల పర్యావరణ దినం చేసినం. గుంతలు తీసి, మొక్కలు పెట్టి, ఒక్కో మొక్క సుట్టు ఐదుగురు పిల్లలను నిలబెట్టి ఫోటోలు దిగినం. హాజరు తీస్తే ఆ పిల్ల రాలే. పేరెదురుగ గైర్హాజరని రాసిన. పర్యావరణ దినం నాడే రాకపాయె అని మనసుల కొద్దిగ కోపం గూడ వచ్చింది.

సాయంత్రం ఇంటికి పోతుంటే రోడ్డు పక్క చెల్కల ట్రాక్టర్ ఆగి ఉన్నది. దాని ముందట నేల మీద ఆ పిల్ల కూసున్నది. పక్కన వాళ్ల నాయిన నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడ్డడు. నేను బండి ఆపి దిగబోతే ఆ పిల్లే కేకేసింది.

"బండి ఆడ్నే ఉంచుండ్రి టీచర్! దగ్గరికి తేవద్దు!"

నడుసుకుంట పోయిన. వాళ్ల నాయిన నన్ను చూసి ఇబ్బందిపడ్డడు.

"చూడుండ్రి మేడం, పొద్దటిసంది ఇదే లొల్లి. తీతువ గుడ్లు పెట్టిందట. దున్ననిస్తలేదు. వానకు ముందు కంది ఎయ్యాలె గద."

"గుడ్లు పిల్లలైతయి నాయినా. పది దినాలు ఆగు" అన్నది ఆ పిల్ల.

"పది దినాలు చెల్క అంతా ఆపాల్నా?"

"అంతా వద్దు. గీ జాగ ఒక్కటి." లేచి చేతులు సాపి చూపించింది. రెండు మంచాలు పట్టేంత జాగ.

ట్రాక్టర్ డ్రైవర్ పైనుంచే అన్నడు. "అన్నా, దాన్ని తప్పించి దున్నితే సాళ్లన్నీ వంకరపోతయి. రోడ్డు మీదికెళ్లి చూసేటోళ్లు నవ్వుతరు. నాకు దున్నరాదంటరు."

వాళ్ల నాయిన బిడ్డ మొఖం చూసిండు. పొద్దటిసంది ఎండల కూసొని ఆ మొఖం కమిలిపోయి ఉన్నది.

"నవ్వనీ తియ్యి" అన్నడు డ్రైవర్‌తోని. "తిప్పి దున్ను."

నేను నోరు తెరిస్తే ఏదో ఒకటి చెడగొడ్తనని భయమయి ఊకున్న. ట్రాక్టర్ ఆ జాగ సుట్టు తిరిగింది. తల్లి పిట్ట లేచిపోయి దూరంగ అరిచి, ఇంజన్ సప్పుడు పోయినంక ఉరికొచ్చి కూసున్నది.

తెల్లారి సంగతి తెలిసి బడిల పిల్లలు గుడ్లు చూడనీకె మేమొస్తమంటే మేమొస్తమన్నరు. ఆ పిల్ల షరతులు పెట్టింది. రోజుకు ఇద్దరే. గట్టు మీదనే కూసోవాలె. ఫోన్ తేవద్దు. తినేటియి వద్దు. ఆఖరి మాట నన్ను చూసి అన్నది. నా వంతు ఐదో రోజు వచ్చింది. అర్ధగంట గట్టు మీద సప్పుడు చెయ్యకుంట కూసున్న. పిట్ట కదల్లే. నాకు చెయ్యనీకె ఏ పనీ లేదు. చూసుడే. అంత కష్టమైన పని నేను ఎన్నడూ చెయ్యలే.

గుడ్లు పిల్లలైన రోజు మేమెవరమూ చూడలే. ఆ పొద్దు వాళ్ల నాయినే ముందుగాల చూసిండట. మూడు పిల్లలు తల్లెంట చెల్క దాటి తుమ్మ చెట్ల దిక్కు పోయినయని బడి దాక వచ్చి చెప్పిండు. ఒక గుడ్డు చెడిపోయింది. ఆయన చెప్పుకుంట బొటనవేలు చూపించిండు, గింతే ఉన్నయని. కండ్లు మెరిసినయి.

ఆ యేడు కంది మొలిచినంక రోడ్డు మీదికెళ్లి చూస్తే పచ్చటి సాళ్లు నడుమ ఒక్క తాన వంపు తిరిగి కనవడేటియి. నవ్వినోళ్లు ఉన్నరు. ఎందుకట్ల అని అడిగినోళ్లకు ఆయన ఆగి, గుడ్ల ముచ్చట మొదటిసంది చెప్పేటోడు.