మాచర్ల పెంకుటిల్లు, మా బాబాయి గుండు

నాకు పద్దెనిమిదేళ్ళు నిండినా ఇంకా పెళ్ళి కాలేదని గురజాలలో సగం ఊరు నా తరఫున దిగులు పడుతున్న రోజుల్లో నాకు ఆస్తి కలిసొచ్చింది. యుద్ధం పుణ్యమా అని కిరసనాయిలు కూడా దొరకని కాలమది. మాచర్ల ప్లీడరు గుమస్తా ఒకాయన వచ్చి మా అరుగు మీద కూర్చుని వీలునామా చదివాడు. ఎనిమిది రోజుల కిందట పోయిన ఒకావిడ తన పెంకుటిల్లు నా పేర రాసిందట. ఆవిడ పేరు మా వైపు వాడకొకరికి ఉండే పేరే. ఆవిడెవరని అమ్మ తప్ప ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. గుమస్తాకి తెలుసు గానీ, ఎవరూ సరిగ్గా అడగలేదు కాబట్టి చెప్పకుండానే మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

నాన్న పోయాక మా ఇంటి పెత్తనం బాబాయిది. ఎనిమిదో తరగతి పాసైన నన్ను ఇక చాలని బడి మాన్పించిన మహానుభావుడు ఆయనే. టీచరు ట్రైనింగుకు పంపమని నేను ఏడాది పొడుగునా ఏడిస్తే ఆయనకు వినపడలేదు. పెంకుటిల్లు అన్న మాట మాత్రం పెరటి చివర ఉన్నా వినపడింది.

సాయంత్రానికల్లా ఆ పోయినావిడ మా తాతకు వేలు విడిచిన చెల్లెలని బాబాయి తేల్చేశాడు. పిల్లాజెల్లా లేని మనిషి పోతే, పదో రోజు కర్మ ఎవరు చేస్తే ఆస్తి మీద మాట వాళ్ళదని మా వాళ్ళకొక లెక్క. ఆ లెక్కను కోర్టులు ఒప్పుకుంటాయో లేదో కనుక్కునే తీరిక ఆయనకు లేదు. మధ్యలో ఒక్క రోజే ఉంది మరి. కృష్ణ ఒడ్డుకు వెళ్ళి గుండు కొట్టించుకున్నాడు. నెయ్యి రాసి పెంచుకున్న మీసం కూడా తీయించాడు. పిండం పెట్టి, తిరిగొచ్చి ఊరందరికీ భోజనాలు పెట్టాడు. వంటంతా అమ్మే చేసింది. గారెలు బాగా కుదిరాయి, నేనూ నాలుగు తిన్నాను. అమ్మ మాత్రం ఒంట్లో బాగాలేదని విస్తరి ముందు కూర్చోలేదు.

మూడో నాడు మాచర్ల నుంచి పాస్టరుగారు ఇంటి తాళంచెవి తెచ్చారు. ఆవిడ ఇరవై ఏళ్ళు మిషన్ బళ్ళో పాఠాలు చెప్పిందనీ, పాటలు పాడి, ప్రార్థన చేసి తమ సమాధుల తోటలోనే మట్టి చేశామనీ చెప్పారు. ఆ ఇంటి ఎదురుగానే టీచర్ల ట్రైనింగు బడి ఉందన్నారు. తర్వాత బాబాయి గుండు వంక చూసి, తిరుపతి నుంచి ఎప్పుడొచ్చారని మర్యాదగా అడిగారు. నేను వంటింట్లోకి పారిపోయి పైట కొంగు నోట్లో కుక్కుకున్నాను. అమ్మ నవ్వలేదు.

మీసం పోయినా బాబాయికి ఆశ పోలేదు. వారం తిరక్కుండా ఇల్లు కొనేవాణ్ణీ, స్టాంపు కాగితాన్నీ వెంటబెట్టుకొచ్చాడు. నా చేతికి కలమిచ్చి, “సంతకం పెట్టు. కిరస్తానం ఇల్లు మనకెందుకే?” అన్నాడు. ఇల్లు మైలట, అమ్మితే వచ్చే డబ్బుకు ఆ మైల అంటదట. ట్రైనింగు బడి ఎదురుగా ఇల్లని విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అయినా కలం పట్టుకున్నాను. ఆయనకు ఎదురు చెప్పిన ఆడది మా ఇంట్లో అప్పటిదాకా లేదు, నేనేమంత మొనగత్తెను?

వంటింటి గడపలోంచి అమ్మ, “పెట్టమాకు” అంది.

“నీకేంది వదినా ఇందులో?” అన్నాడు బాబాయి.

“అది మా అక్క. ఆ మతంలో కలిసిందని, బతికుండగానే మా నాయన దానికి నీళ్ళొదిలాడు. అప్పుడు నన్ను ఏడవమన్నారు, ఏడ్చా. ఇప్పుడది నిజంగా పోతే, ఏడవాల్సినదాన్ని, నా చేత గారెలు వండించావు.”

ఏటా మా వాడలో గాజులు తొడగడానికి మాచర్ల నుంచి వచ్చే ఆమె ద్వారా అక్కచెల్లెళ్ళిద్దరూ కబుర్లు పంపుకునేవారట. నేను పుట్టిన సంగతీ, నా బడి మాన్పించిన సంగతీ పెద్దమ్మకు అలాగే చేరాయి. మా అమ్మకు నోరు లేదని అందరిలాగే నేనూ అనుకున్నాను. అందుకు నాకిప్పటికీ సిగ్గే.

కలం బాబాయి చేతిలో పెట్టేశాను. కొనడానికొచ్చినాయన చెప్పులేసుకున్నాడు.

“రేపు పొద్దున బండికి మాచర్ల పోదాం,” అంది అమ్మ నాతో. “ముందు దాని దగ్గర కూకొని ఏడుస్తా. తర్వాత నిన్ను బళ్ళో చేరుస్తా.”

చెప్పిన వరసలోనే చేసింది. మొదటి పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది.