మౌలాలి ఎక్కిన తొంభై నాలుగు మెట్లు

మౌలాలి మెట్లెక్కుతున్నాడు.

"నలభై... నలభై ఒకటి... ఉండు పాపా, రవ్వంత ఊపిరి తీసుకోనీ... నలభై రెండు..."

ఆయాసం అచ్చం ఆయాసంలాగే ఉంది. మధ్యలో ఒకసారి దగ్గాడు కూడా. చిక్కల్లా ఏమిటంటే, మౌలాలి ఆ సమయంలో వ్యాను డ్రైవరు సీట్లో, చెప్పులు విడిచి, కాళ్లు డాష్‌బోర్డు మీదికి చాపుకుని కూర్చుని ఉన్నాడు. చెవి దగ్గర సెల్‌ఫోను.

మా ఆవిడ జ్ఞానప్రసూనాంబ వ్యానులో మరిచిపోయిన మాగాయ సీసా కోసం నేను వెనక్కి వచ్చాను. అలాంటప్పుడు మర్యాద తెలిసినవాడు చేయాల్సిన పని గట్టిగా దగ్గడం. నేను ఆ పని చేయలేదు. వెనక టైరు పక్కన చతికిలబడి చెవులు రిక్కించాను.

"వచ్చేసినా. పైకొచ్చేసినా. అబ్బబ్బ, దీపం నువ్వు సూడాల! మన రాయచోటిలో నీళ్ల ట్యాంకు లేదా, అంతుంది... లేదు పాపా, వేడి తగల్దు, అద్దం అడ్డముంది... ఆఁ, హల్వా అంగడి ఈరోజు గూడా తెరిచే ఉంది."

లైట్‌హౌస్ పైన హల్వా అంగడి! వచ్చే నవ్వును చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఆపుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను మోగింది. ప్రసూన. సీసా కోసం వెళ్లినవాడు ఏమయ్యాడని.

కిటికీలోంచి మౌలాలి తల బయటికొచ్చింది. కింద నేను.

"ఏం సార్, టైరు చూస్తాండారా?"

"అదే... గాలి ఉందా లేదా అని."

"నిండుగా ఉంది సార్."

ఇద్దరం కాసేపు ఆ టైరును శ్రద్ధగా చూశాం.

ఇది 2004 జనవరి మాట. మౌలాలి మా కంపెనీ వ్యాను డ్రైవరు. రాయచోటి మనిషి. మొదట సౌదీలోని ఉనైజాలో ఖర్జూరం తోటల లోడ్లు తోలి, తర్వాత ఖఫ్జీ వచ్చి ఆరేళ్లుగా మా ఫ్యామిలీలను తిప్పుతున్నాడు. ఎండిపోయిన మనిషి, ఒత్తయిన మీసం. వ్యానును రివర్సు చేసేటప్పుడు తనే వెనక్కి నడుస్తున్నట్టు భుజాలు వెనక్కి వంచేవాడు. బజారులో పిల్లలు తప్పిపోతే వాళ్ల అమ్మలకంటే ముందు మౌలాలికే తెలిసేది.

ఖఫ్జీకి అరగంట దూరంలో ఒకచోట సముద్రం ఇసుక తిన్నెల మధ్యకు దూరి వచ్చి, మళ్లీ బయటికి పోబుద్ధి కానట్టు సరస్సులా నిలిచిపోయింది. అల ఉండదు, చప్పుడుండదు. చుట్టూ నడకదారులు వేసి పార్కు చేశారు. ఆ చివర, పాత రోజుల్లో ఓడల కోసం కట్టిన తెల్లటి లైట్‌హౌస్. శుక్రవారం సెలవు వచ్చిందంటే మా ఇంజనీర్ల కుటుంబాలన్నీ పులిహోర డబ్బాలతో అక్కడే.

అయితే ఆ పార్కు ఫ్యామిలీలకే. భార్యాపిల్లలు వెంటలేని మగవాడు గేటు దాటడానికి వీల్లేదు. మౌలాలికి రాయచోటిలో అమీరున్నీసా అనే భార్య, నౌషీన్ అనే కూతురు ఉన్నారు. కానీ డ్రైవరు ఇకామా మీద, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డు మీద, ఫ్యామిలీ వీసా ఇవ్వరు కాబట్టి, గేటు లెక్కలో అతను బ్రహ్మచారి. మమ్మల్ని దింపి సాయంత్రం దాకా బయటే కూర్చునేవాడు. అక్కణ్ణుంచి చూస్తే చెట్ల పైన లైట్‌హౌస్ తల మాత్రం కనబడుతుంది.

ఆ రోజు తిరుగు దారిలో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

"పాపకి అప్పుడు ఆరేళ్లు సార్. 'ఈరోజు ఏం సూసినావు అబ్బా' అని అడిగింది. స్టీరింగు సూసినా అని యెట్ల చెప్పేది? లైటౌసు ఎక్కినా అన్నా. ఇంగంతే. మరుసటి వారం దీపం యెంతుందని అడిగింది. ఆ మరుసటి వారం పైన ఏమేముంటాయని అడిగింది. ఇప్పుడు పన్నెండేళ్లు. సెలవుకు పోతే బొమ్మేసి సూపించింది, గోడకు అతికించుకునింది."

"పోనీలేవయ్యా, చిన్న అబద్ధం."

"ఆరేండ్ల అబద్ధం సార్ అది." గేరు మార్చాడు. "వచ్చే శనివారం నాకు ఎగ్జిట్. ఇంటికి పోయినాక పాప ముందర కూసోబెట్టుకుని అడుగుతాది. ఫోన్లో అయితే చెప్పినా గానీ, మొగం సూస్తా చెప్పలేను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎక్కి సూసిపోతే, కనీసం ఇప్పుడైనా నిజం చెప్తా."

ఫైనల్ ఎగ్జిట్ అంటే మళ్లీ రావడం ఉండదు. వచ్చే శుక్రవారమే ఆఖరు.

ఇంటికి వెళ్లి ప్రసూనకు చెప్పాను. ఆవిడ రెండు నిమిషాలు ఆలోచించి, "మీకు నడుం పట్టేసిందని చెబుదాం. పట్టుకుని నడిపించడానికి మనిషి కావాలి కదా. నేను ఆడదాన్ని, మిమ్మల్ని మొయ్యలేను" అంది. నా శరీరం చూస్తే ఎవరైనా నమ్మే మాటే అది.

శుక్రవారం దాకా ఆగలేక గురువారం సాయంత్రమే బయల్దేరాం. గేటు దగ్గర వ్యాను దిగి నేను సగానికి వంగాను. మౌలాలి చంక కింద చెయ్యేసి పట్టుకున్నాడు. ప్రసూన తనకొచ్చిన ఒకే ఒక అరబ్బీ మాటను, నడుమన్న మాటను, ఏడుపు గొంతుతో పదిసార్లు అంది. గేటు కాపలాదారు అబూ నాసిర్ అనే ముసలాయన. తెల్లగడ్డం, మోకాళ్ల నొప్పులు. ఆయన నన్ను చూసి నాలుక చప్పరించి, లోపలికి వెళ్లి చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. కూర్చో, నేనే తోస్తాను అన్నట్టు సైగ చేశాడు.

దీనికి మేము సిద్ధంగా లేము. నేను మరికాస్త వంగి, కుర్చీ వద్దని మూలిగాను.

అబూ నాసిర్ నన్ను వదిలేసి మౌలాలి కళ్లలోకి చూశాడు. "వల్లా? నిజంగా ఈయనకు నడుం నొప్పా?"

వల్లా అంటే దేవుడి మీద ఒట్టు. మౌలాలి నా చంక కిందినుంచి చెయ్యి తీసేశాడు.

"లా," అన్నాడు. లేదని.

నేను వంగే ఉన్నాను. ఎప్పుడు లేవాలో తెలియలేదు. ఒక్కసారిగా నిటారైతే బాగుండదని, నొప్పి మెల్లగా తగ్గుతున్నవాడిలా అంగుళం అంగుళం లేచాను. అదే సమయానికి మా ఆఫీసు కుర్రాడు అనురాగ్ భార్య చరితతో లోపలికి వెళ్తూ, "ఎక్సర్‌సైజా సార్? గుడ్, గుడ్" అనేసి వెళ్లాడు.

"ఏమయ్యా, నీకోసమే కదా ఈ అవతారం!" అన్నాను పళ్ల మధ్యనుంచి.

"వల్లా అని అడిగినాడు సార్. ఇంగ యెట్ల చెప్పమంటారు?"

"మరి నాతో ముందే అనాల్సింది కదా తమ్ముడూ," అంది ప్రసూన, "ఆ మాగాయ నీళ్లలో కొంగు ముంచి కళ్లు తుడుచుకుంటున్నాను, మంట పుట్టి చస్తున్నా!"

అబూ నాసిర్ నవ్వలేదు. ఎందుకిదంతా అని మౌలాలినే అడిగాడు. మౌలాలి చెప్పాడు. అరబ్బీలో చెప్పాడు, చేతులతో చెప్పాడు. కూతురు ఎత్తు చూపించాడు, ఆరేళ్లప్పటి ఎత్తు, ఇప్పటి ఎత్తు. లైట్‌హౌస్ వైపు వేలు చూపించి, తర్వాత వ్యాను వైపు చూపించి, తల దించుకున్నాడు. ముసలాయన చివరిదాకా విని ఏదో రెండు ముక్కలు అని, కుర్చీ లోపలికి తోసుకుపోయాడు.

"ఏమన్నాడు?"

మౌలాలి మాకు కాకుండా తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "ఫ్యామిలీలు వచ్చేది పొద్దెక్కినాకంట. రేప్పొద్దున సూర్యుడు రాకముందే, దీపం ఆర్పడానికి పైకి పోతాడంట. అప్పుడు రమ్మన్నాడు."

శుక్రవారం ఇంకా మసక ఉండగానే గేటు ముందు ముగ్గురం నిలబడ్డాం. జనవరి చలి ఎముకల్లోకి దిగుతోంది. అబూ నాసిర్ గేటు తీసి, తాళాలగుత్తి ఊపుకుంటూ ముందు నడిచాడు.

దారి మీద గవ్వలపొడి పరిచారు. అడుగు వేస్తే కరకరమంటుంది. నాలుగడుగులు వేసి మౌలాలి ఆగి, చెప్పులు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకని అడగబోయిన నన్ను ప్రసూన మోచేత్తో పొడిచింది.

సరస్సు మీద పొగమంచు పరుచుకుని ఉంది. నీళ్లెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ బూడిదరంగులో మెల్లగా ఒక గులాబీ మచ్చ, పక్కన ఇంకొకటి, తర్వాత పదులు, వందలు. ఫ్లెమింగోలు. ఒంటికాలి మీద, మెడ రెక్కల్లో దాచుకుని నిద్రపోతున్నాయి.

"ఎర్ర కొంగలు," అన్నాడు మౌలాలి గుసగుసగా. "ఇవి నేను చెప్పనేలేదే."

ప్రతి పది సెకన్లకూ మా తలల మీదుగా ఒక వెలుగు బద్ద తిరిగిపోతోంది. అది మంచును తాకినప్పుడల్లా నీళ్ల మీద ఒక తెల్లటి వీధి పుట్టి, మాయమవుతోంది. మనం ఊపిరి పీల్చుకునే లోపు మళ్లీ పుడుతోంది.  ప్రసూన మాట్లాడకుండా అంతసేపు నడవడం మా పెళ్లయ్యాక నేను చూడలేదు.

లైట్‌హౌస్ మొదట్లో నిలబడి తలెత్తితే మెడ పట్టేసింది. ఈసారి నిజంగానే. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆరేళ్లుగా ప్రతి వారం దీని నీడలో పులిహోర తిన్నాం. ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. మెట్లున్నాయని.

మౌలాలి పైకి ఎక్కుతూ లెక్కపెట్టాడు. ఈసారి దగ్గలేదు, ఆయాసం నటించలేదు. నాకే ఊపిరి చాలక ముప్పైయో మెట్టు మీద కూర్చున్నాను. అబూ నాసిర్ మోకాళ్లు పట్టుకుంటూ నా పక్కనే కూర్చున్నాడు, ఇద్దరం ముసలి ఎద్దుల్లా రొప్పాం. పైనుంచి గొంతు వినబడింది.

"తొంభై నాలుగు!"

పైకి చేరేసరికి అతను గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. గది మధ్యలో మనిషెత్తు గాజు బుడగ. ఉల్లిపాయను అడ్డంగా కోస్తే కనబడే వలయాల్లా, వలయం మీద వలయం, అంచు మీద అంచు. అంత బరువూ చప్పుడు లేకుండా తిరుగుతోంది. తిరుగుతూ గోడల మీద, మా మొహాల మీద ఇంద్రధనుస్సు ముక్కలు జల్లుతోంది. బయట మంచు కిందికి దిగిపోయింది. ఒకవైపు సరస్సు, దాని మీద గులాబీ చుక్కలు. ఇంకోవైపు అంతులేని సముద్రం. గేటు బయట అగ్గిపెట్టెంత మా వ్యాను.

మౌలాలి ఆ వ్యానును చాలాసేపు చూశాడు.

తూర్పున సూర్యుడి అంచు కనబడింది. అబూ నాసిర్ గోడకున్న స్విచ్చు చూపించి, నువ్వే ఆర్పు అన్నాడు.

"నేనా?"

ముసలాయన తలూపాడు. మౌలాలి చొక్కాకు చెయ్యి రెండుసార్లు తుడుచుకుని, బిస్మిల్లా అనుకుని, స్విచ్చు కిందికి దించాడు. పద్దెనిమిది మైళ్ల దాకా కనబడే వెలుగు అతని వేలి కింద ఆరిపోయింది. గాజు బుడగ ఇంకొక చుట్టు తిరిగి, మెల్లగా ఆగింది. అప్పుడు దాని లోపల అసలు దీపం కనబడింది. ఒక బల్బు. పెద్ద వంకాయంత. అంతే.

మౌలాలి వంగి చూశాడు. అవతలి వైపు వెళ్లి చూశాడు. "ఇంతేనా? ఇదేనా అంత దూరం పోయేది?"

ఇదేనని అబూ నాసిర్ అన్నాడు.

"సార్, ఫోన్ చేసుకుంటా." రాయచోటిలో అప్పటికే తొమ్మిది దాటింది. పిల్ల బడికి బయల్దేరే వేళ.

"పాపా... నేను. లైటౌసు పైన ఉండా... లేదు, ఈసారి నిజంగా... ఈసారి అంటే, అదే, ఇంతకుముందు ఎక్కలేదు పాపా. ఒక్కసారి గూడా. గేటు బయట కూసోని చెప్పినా అంతా."

ఆ పిల్ల గొంతు ఎంత పెద్దదంటే, రాయచోటి నుంచి మా ముగ్గురికీ వినబడింది.

"ట్యాంకంత దీపం?"

"వంకాయంత ఉంది."

"వంకాయా! క్లాసంతా చెప్పినా నేను! సైన్సు టీచరు ముందర గూడా చెప్పినా, ట్యాంకంత అని! ఇప్పుడు నన్నేం చెప్పమంటావు?"

"నేనొచ్చి చెప్తా పాపా."

"బళ్లోకి రావాల. అందరి ముందర నిలబడి చెప్పాల, అబద్ధం ఆడినా అని."

"చెప్తా."

"హల్వా అంగడి?"

మౌలాలి కళ్లు మూసుకున్నాడు. "అదీ లేదు."

 ఫోన్లో వెనకాల అమీరున్నీసా బడికి టైమైందని ఉర్దూలో కేకలేస్తోంది. ప్రసూన నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అబ్బా," అని తండ్రిని పిలిచింది నౌషీన్ చివరికి, గొంతు మార్చి. "వంకాయంత దీపం అంత దూరం యెట్ల కనపడ్తాది?"

మౌలాలి నా వైపు తిరిగాడు. నేను ఇంజనీరును కదా, గొంతు సవరించుకుని కాంతి వక్రీభవనం గురించి మొదలుపెట్టాను. అతను చేత్తో ఆగమన్నాడు.

"సారు ఏదో చెప్తాండాడు, నాకే అర్థం కావడంలేదు. ఉండు పాపా. ఈసారి సూసి చెప్తా."

గాజు బుడగ దగ్గరకు వెళ్లి మొహం ఆనించినంత పని చేశాడు. అబూ నాసిర్ తాళాలగుత్తి జేబులో వేసుకుని, తొందరేమీ లేనట్టు మెట్టు మీద కూర్చున్నాడు.

"బల్బు చుట్టూ గాజు పలకలుండాయి," అని మొదలుపెట్టాడు మౌలాలి, ఒక్కొక్క వలయం మీదా వేలు జరుపుతూ. "మొదటిది సిన్నది, గుండ్రంగా ఉంది. దాని సుట్టూ ఇంగొకటి. ఉండు, ఎన్నుండాయో లెక్కబెట్టనీ..."